నేల మీద తూలే అమ్మ

డాక్టర్ మర్లియానా గారికి,

మేం బజావ్ వాళ్లం, సముద్రం మీద పడవల్లోనే పుట్టి పెరిగినవాళ్లం. నేల మీద నిలబడితే ఎప్పుడూ తూలుతాం. కళ్లు తిరుగుతున్నాయని అమ్మను తీసుకొస్తే, అది తెలియక ఆసుపత్రిలో ఆమె తూలడమే జబ్బనుకొని, ఇక పడవ ఎక్కొద్దన్నారు. పడవ లేకుండా అమ్మ ఎలా బతుకుతుంది? కరపత్రాల్లో చదివిన హక్కులన్నీ అరిచాను. మీరొక్కరే, "అరుపులు తర్వాత తమ్ముడూ, ముందు పడవ తియ్యి," అన్నారు.

పడవలో అమ్మ నిటారుగా నిలబడింది. పక్కకు తిరిగి పడుకుంటేనే లోకం గిర్రున తిరిగింది. చెవి లోపలి రేణువులు చోటు తప్పాయని చెప్పి, మీరు ఆమె తలను మెల్లగా తిప్పి సర్దారు. ఇప్పుడు రోజూ చేపలకు వెళ్తోంది. మీ మేలు మరువలేను.

మావాళ్లందరినీ పడవల్లోనే పరీక్షించాలని పైవాళ్లకు చెప్పండి. వినకపోతే నేనే వచ్చి అరుస్తాను.

"కెరటాలకి ఆ రోజు వాంతులు చేసుకుంది పాపం డాక్టరమ్మ. మళ్లీ రమ్మని రాయరా, ఆ వాంతులకి వైద్యం నాకు తెలుసు," అంటోంది అమ్మ.