పేరు లేని పాప కోసం ఫిర్యాదు

అమ్మా,
పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. ముందు ఆ మాట నమ్మి, తరువాత మిగతాది చదువు.

పొద్దున ఈ పరాయి దేశపు ఊరు త్రియెస్తేలో, మన ఐస్‌లాండులో అందరూ చేసినట్టే, పాపను బండిలో చల్లగాలికి పడుకోబెట్టి రొట్టెల కొట్లోకి వెళ్ళాను. బయటికొస్తే బండి లేదు! ఏడుస్తూ పోలీసు స్టేషనుకు పరుగెత్తాను.

"పిల్ల పేరేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇంకా పెట్టలేదండీ. మా వైపు బాప్తిస్మం దాకా ఆగుతాం."

"నాలుగు నెలల పిల్లకి పేరు లేదా? పాస్‌పోర్టులో కూడా ఉత్త 'ఆడపిల్ల' అనుంది! అసలీ పిల్ల నీదేనా? చలిలో వీధిలో వదిలేసి రొట్టెలు కొనుక్కునే తల్లిని నేనెక్కడా చూళ్ళేదు."

పేరు చెప్పందే ఫిర్యాదు రాయనన్నాడు. నోటికొచ్చింది చెప్పేశాను. అతను రాస్తుండగానే ఓ ముసలావిడ మన బండి తోసుకుంటూ వచ్చి, "ఏ మహాతల్లి కన్నదో గానీ, పసిగుడ్డును గాలికి వదిలేసి పోయింది!" అని అరిచింది. తిట్లన్నీ తలొంచుకుని పడ్డాను. పాప ఆవలించింది.

పిల్లికి చేప పెడుతున్నావా? మా వంటింటి కిటికీ మూసుందో లేదో చూడు. మా ఆయన థోర్కెల్ చేపల పడవ దిగాక ఈ సంగతి నేనే చెప్తాను, నువ్వు నోరు జారకు. నాన్నకు ముద్దులు.

పోలీసు కాగితంలో పాప పేరు సోల్వేగ్. నీ పేరు పాతకాలందని, పెట్టొద్దని నువ్వే గొణిగావు. ఏం చెయ్యను, భయమేస్తే ఎవరైనా అమ్మనే కదా పిలిచేది.

ఏదిస్