సిల్వర్ గిన్నెలసొంటి చక్రాలు

కొడుకు మైసయ్యకు అవ్వ దీవించి రాసేది. ఫోన్ల మాట్లాడితే ఈడ నా దగ్గరున్న నీ బిడ్డ సాత్విక వింటదని కార్డు రాస్తున్న. గుట్టలెక్కే సైకిల్‌కు అల్కటి అల్యూమినియం రిమ్ములు వేయిస్తదట. మన సిల్వర్ గిన్నెలు చేసేది గదానితోనే. దుకాణంల ఒకటి పట్టుకుంటే చాటంత బరువు లేదు. గిన్నె కొనేటప్పటి లెక్క వేలితో కొట్టి చూసిన.

"కింద పడితే సొట్టపోతది గదనే," అన్న.

"గిది గిన్నె కాదు నానమ్మా, గుట్ట జల్ది ఎక్కొచ్చు," అన్నది.

"ఎక్కుడు సరే, దిగేటప్పుడు వంగితే?" అంటే నవ్వింది.

నాకు బువ్వ సయిస్తలేదు. ఆదివారమే దాని సైకిల్ పోటీ. శనివారం రా. ముందుగాల నువ్వు సైకిలెక్కి గుట్ట దిగి చూడు. నీ బరువుకు ఆగితే దానికి భయం లేదు.

బర్రె ఈనిందా? నీ నడుము నొప్పి తగ్గిందా? నొప్పి అని రాసినంక నాకే గుబులైంది. నువ్వు ఎక్కకు కొడుకా. వచ్చి గుట్ట కింద నిలబడు, చాలు.

అందరు చల్లగుండున్రి.
మీ అవ్వ ఐలవ్వ, సిద్దిపేట