పెళ్ళికూతురి ఆది జాకెట్టు

నరసాపురం,
18-5-1979.

ప్రియమైన దీనమ్మక్కకు నీ తమ్ముడు జీవరాజు వందనాలు.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. రాజమండ్రిలో నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మరదలికి మోకాళ్ళ నొప్పి తగ్గింది గాని నోరు మాత్రం తగ్గలేదు.

కొట్టు ఎలా ఉందని అడిగావు. నాన్న కూర్చున్న మిషను దగ్గరే కూర్చుని కుడుతున్నాను. పొద్దున్నే పేపరు చదవడానికి వచ్చేవాళ్ళు వస్తున్నారు. రేవులో పడవ ఆలస్యమైతే జనం మన బల్ల మీదే చేరుతున్నారు. ఊళ్ళో ఎవరు లావయ్యారో, ఎవరు చిక్కారో ముందు తెలిసేది మనకే కదా. కళ్ళజోడు మార్చావా అని కూడా అడిగావు. దానికి జవాబు చెప్పే ధైర్యం లేకే ఇంతసేపూ ఈ కబుర్లు.

అక్కా, నాకు చూపు పోయింది. కుడి కన్ను పూర్తిగా పోయింది, ఎడమ కంటికి వెలుగు మాత్రం తెలుస్తుంది. ఏడాదిగా చేతి అలవాటు మీదే కత్తిరిస్తున్నాను. చెబితే మర్నాటి నుంచి ఎవరు గుడ్డ ఇస్తారు? ఆ భయంతోనే నోరు మూసుకున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు.

కిందటి నెలలో బియ్యం వ్యాపారి గున్నేశ్వరరావుగారి పెద్దమ్మాయి అమ్మణ్ణి పెళ్ళి జరిగింది. వాళ్ళింట్లో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న పాపాయి రెండు మూటలు తెచ్చింది. ఒకదాంట్లో పెళ్ళి చీరలోంచి తీసిన పట్టు ముక్క, కొలత చూసుకోవడానికి ఆదిగా అమ్మణ్ణి పాత జాకెట్టు. రెండోదాంట్లో పదమూడేళ్ళ చెల్లెలికి వాయిలు గుడ్డ, ఆ పిల్ల ఆది. నాన్న ఎప్పుడూ ఒక మూట పని అయ్యేదాకా రెండోది విప్పనిచ్చేవాడు కాదు, నీకు గుర్తుండే ఉంటుంది. నేను తొందరపడి రెండూ ఒకేసారి బల్ల మీద విప్పాను. రెండు ఆదులూ ఉతికి ఉతికి మెత్తబడినవే. చేతికి తగిలినదాన్ని పట్టు మీద పరిచి కత్తెర వేశాను. పెళ్ళికూతురి పట్టు చిన్నపిల్ల కొలతకి తెగిపోయింది.

కుట్టిన జాకెట్టు అమ్మణ్ణికి పట్టకపోతే గున్నేశ్వరరావుగారింటివాళ్ళు వచ్చి నిలదీశారు. అప్పుడు నా నోటి నుంచి ఏం వచ్చిందో తెలుసా? "పాపాయి మూటలు కట్టేటప్పుడే ఆదులు మార్చేసిందండి" అన్నాను.

అమ్మణ్ణి వేరే జాకెట్టుతో పీటల మీద కూర్చుంది. పాపాయిని ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. పెళ్ళి పట్టు పాడుచేసిన చెయ్యి అని ఆ వీధిలో ఇంకెవరూ పనిలో పెట్టుకోవడం లేదు. పది రోజుల తర్వాత కొట్టుకి వచ్చింది.

"టైలరుగారండీ, నేను చూసే కట్టానండి. మీకు తెలుసు కదండీ. మీరొక్క మాట చెబితే అమ్మగారు రానిస్తారండి" అంది.

నేను మిషను తొక్కుతూనే ఉన్నాను. సూదిలో దారం కూడా లేదు. పాపాయి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆదివారం గుడికి వెళ్ళి కూర్చుంటాను గాని ప్రార్థన చెయ్యడానికి నోరు రావడం లేదు. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

చేతిరాత ఎవరిదా అనుకుంటున్నావేమో. ఇది రాస్తున్నది పాపాయి కూతురు రత్నమాణిక్యం. ఎనిమిది దాకా చదివి లేసు అల్లుతోంది. ఉత్తరం రాసిపెట్టమని పిలిచానే గాని ఏం రాయాలో చెప్పలేదు. వాళ్ళమ్మ ముఖం మీద చెప్పలేక ఈ దారి పట్టాను. పట్టు మీద కత్తెర వేసింది నేనేనని చెప్పిన చోట కలం ఆగిపోయింది. లేచి వెళ్ళిపోయిందనుకున్నాను. తర్వాత, "చెప్పండి, రాస్తున్నాను" అంది.

దీన్ని పోస్టులో వేసే ముందు గున్నేశ్వరరావుగారింట్లో చదివి వినిపించమని ఇప్పుడే అడిగాను.

"నేను చదివితే నమ్మరండి. మీరే వచ్చి చెప్పాలి. చెయ్యి పట్టుకుని నేను తీసుకెళ్తాను" అంది.

అక్కా, బజారు మధ్యలోంచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిస్తే నాకు చూపు లేదని ఊరంతటికీ తెలిసిపోతుంది. ఆమె లేచి నిలబడే రాస్తోంది. సంతకం పెట్టి బయలుదేరతాను. నువ్వు తొందరగా రా. నాన్న కొట్టుకి తాళం నా చేత్తో వెయ్యలేను.

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని తమ్ముడు,
జీవరాజు