జారుముడి

ఆత్మకూరు గంజిపాక,
ఈశ్వర సంవత్సరం, ఆషాఢ శుద్ధ నవమి.

చిరంజీవి మాల్యాద్రికి, సోమశిలలో నిన్ను కని పెంచిన నాయన దీవించి రాయించే సంగతులు.

ఇక్కడ మీ అమ్మ, నేను బాగానే ఉన్నాము. "బాగానే అని రాయమంటావా పెద్దాయనా?" అని సామ్యేలు అడిగాడు. రాయమన్నాను. పూటకొక ముంత గంజి పోస్తున్నారు, పగలంతా రోడ్డుకు కంకర కొడుతున్నాము, మరుసటి రోజు లేచి కూర్చోగలుగుతున్నాము. ఈ కరువు ఏడు దీన్నే బాగు అంటారు. సామ్యేలు ఎవరంటావా, నెల్లూరు మిషను బడిలో చదువుకున్నవాడు. ఇక్కడ హాజరు పిలిచేది అతనే. కాగితం ఒక్కటే ఉన్నది, ఆలోచించి చెప్పు అని గదమాయిస్తున్నాడు.

ఉప్పుకొటారు గుమాస్తా చేత నువ్వు రాయించిన ఉత్తరం ఈ ఉదయం అందింది. మీ పల్లెపాలెం కామమ్మ ఎండుచేపల తట్ట అమ్ముకుంటూ ఈ దిక్కుకు వచ్చి ఇచ్చింది. సామ్యేలు రెండుసార్లు చదివాడు. మీ అమ్మ మూడోసారి చదివించుకుంది. పెన్న ఎండిపోయిందని నా విసురువల భుజాన వేసుకుని నువ్వు సముద్రానికి పోయి మూడు నెలలయింది. ఇంతవరకు ఒక్క బుట్ట కూడా నిండలేదని రాశావు. పున్నమి పోటు నాడు పాలెం పెద్దల ఎదుట అలల్లో నిలబడి బుట్టెడు చేపలు పడితే వాళ్ళ ఒడ్డున వల వేసుకోనిస్తామని, గుడిసెకు చోటిస్తామని, పట్టలేకపోతే నీ దోవన నువ్వు పొమ్మని అన్నారట. "ఆ చోటు దక్కితే మిమ్మల్నిద్దరినీ పిలిపించుకుంటాను నాయనా" అన్న మాట దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. మీ అమ్మ మొహం అటు తిప్పుకుంది. పున్నమి ఇంక ఆరు రోజులే ఉన్నది.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను, విను. "నువ్వు రెండేళ్ళు సముద్రంలో వలేసినావు గదా, ఎట్టా నిలబడేవాడివి?" అని అడిగావు. ఎట్టా ఏమిటి, మొగవాడిలా నిలబడాలి! అలకు రొమ్ము ఎదురుపెట్టు. మోకాటి నీళ్ళలో ఏముంటుంది, పీతలు తప్ప? రొమ్ములోతుకు పో. వల భుజం మీద నుంచి గొడుగులా విచ్చుకునేట్టు విసురు. నీళ్ళు ఏవైనా నీళ్ళే.

రెండో సంగతి. అక్కడివాళ్ళు వల తాడును మణికట్టుకు ముడి వేయరని, వేళ్ళు తెరిస్తే ఊడిపోయే జారుముడి తగిలించుకుంటారని, మన ముడిని చూసి నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. మనది మూడు చుట్ల ముడి. మా నాయన నాకు నేర్పాడు, నేను నీకు నేర్పాను. తుమ్మచెక్క రసంలో నానబెట్టుకుంటూ, తెగిన కన్నులు అల్లుకుంటూ ముప్పై ఏళ్ళు ఆ వలను కాచాను. ఒక్కనాడూ నా చెయ్యి విడిచి పోలేదు. నీ వల పోతే వాళ్ళకు పండుగ, అందుకే జారుముడి వేసుకోమంటున్నారు. నువ్వు గట్టిగా కట్టు. తాడు తడిపి మరీ బిగించు.

ఇంతవరకు రాయించేసరికి, పక్కన కూర్చుని వింటున్న కామమ్మ తట్ట దించేసి మా మీదికి వచ్చింది.

"ఏంది మామా, బిడ్డను సంపేదానికి రాయిస్తా ఉండావా?"

"నీకెందుకమ్మా? ఇది మా ఇంటి ముడి" అన్నాను.

"మీ ఇంటి ముడి మీ ఏట్లో ఏసుకో పో! ఏట్లో నీళ్ళు ఒక దిక్కుకు పోతాయి. సముద్రం వచ్చినట్టే వచ్చి ఎనక్కి లాగతాది. లాగేటప్పుడు ఇసకంతా వలలోకి వచ్చి పడతాది. అప్పుడది వల కాదు, బండరాయి. చేతికి ముడేసుకున్నోడు దాని ఎమ్మట పోవాల్సిందే. పోయినేడు ఏటిపట్టు నుంచి వచ్చినోడొకడు అట్టనే పోయినాడు. మూడో రోజుకు తేలినాడు, చేతికి వల అట్టనే ఉండాది."

నాకు కోపం వచ్చింది. "రెండేళ్ళు వేసినోడిని, నాకు చెప్తావా?"

"యాడేసినావు? ఏ పాలెంలో?"

నేను సామ్యేలు వైపు తిరిగి, నువ్వు రాయవయ్యా అన్నాను.

ఆమె నన్ను వదిలేసి సామ్యేలుకు చెప్పడం మొదలుపెట్టింది. బాగా వేసేవాడు వచ్చీరాగానే నీళ్ళలోకి దిగడట. ఇసుకలో కూర్చుని చాలాసేపు చూస్తాడట. అల తెల్లగా విరిగే చోట్ల మధ్య విరగకుండా నల్లగా కనిపించే నీటిదారి ఒకటి ఉంటుందట, చేప అందులో తిరుగుతుందట. మోకాటి లోతు దాటకూడదు. అలకు పక్క చూపించి నిలబడాలి, వీపు మాత్రం చూపించకూడదు. అల విరిగి వెనక్కి తగ్గేటప్పుడు విసరాలి. బరువు మించిందంటే వేళ్ళు తెరవాలి, వల పోతే పోనీయాలి. "మా ఇంటాయన ఏడాదికి రెండు వలలు పోగొడతాడు. మా పాలెంలో ఆయన్ను మించి ఏసేవోడు లేడు" అన్నది. పెన్న ఒడ్డున ఏడాదికి రెండు వలలు పోగొట్టుకున్నవాడికి పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఉండరు.

పైన రాసింది కొట్టేయమంటావా అని సామ్యేలు అడిగాడు. వద్దన్నాను. అదీ ఉండనీ, ఇదీ ఉండనీ. నీ నాయన ఎలాంటివాడో నువ్వు కళ్ళారా చూడు.

మాల్యాద్రీ, నేను సముద్రంలో ఎన్నడూ వల వేయలేదు.

ఇరవై ఏళ్ళప్పుడు ఉప్పుబండి వెంట పోయిన మాట నిజం. ఒక్క పొద్దు చూశాను. మోకాటి దాకా దిగితే పాదాల కింద ఇసుక జారిపోయింది. ఆ హోరుకు భయపడి గట్టుకు పరిగెత్తాను. అదే బండిలో నెల్లూరు చేరి, ఒక కోమటి కొట్టంలో రెండేళ్ళు ఎద్దులకు నీళ్ళు పెట్టాను. తిరిగి వచ్చాక మీ అమ్మ వాళ్ళ నాయన "ఇన్నాళ్ళు యాడుండావురా?" అని అడిగితే, "సముద్రంలో వలేసినాను మామా" అని నోట్లో నుంచి ఊడిపడింది. ఆ మాట మీదనే పిల్లనిచ్చాడు. ఇంక మింగేదెట్లా? నువ్వు పుట్టాక నీకూ చెప్పాను. నువ్వు నోరు తెరుచుకుని వింటుంటే నాకే నిజమనిపించేది. ఆ నమ్మకంతోనే నువ్వు ఆ ఒడ్డుకు పోయావు. మూడు నెలల్లో ఎవరి దగ్గరా చేతులు కట్టుకుని నేర్చుకోలేదు. మా నాయనకు అన్నీ తెలుసులే అనుకున్నావు.

ఇదంతా మీ అమ్మ పక్కనే కూర్చుని విన్నది. తిడుతుందనుకున్నాను. "నాకు పెళ్ళయిన ఏడే తెలుసు" అన్నది. "పెన్నకు వరదొస్తే గట్టు దిగని మనిషివి, సముద్రంలో దిగినావంటే నమ్మేదానికి నేనేమన్నా పిచ్చిదాన్నా?"

"మరి వాడు పోయేటప్పుడు చెప్పలేదేం శీనమ్మా?"

"కన్నబిడ్డ ముందర నిన్నెట్టా తగ్గించేది? ఈడుంటే ఆకలికి పోతాడు, ఆడన్నా బతకతాడనుకుంటిని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఏం చేయాలో తెలియడం లేదు. నెల్లూరు టపా ఈ ఉదయమే వెళ్ళిపోయింది, మళ్ళీ ద్వాదశికి గాని లేదు. నెల్లూరు నుంచి మీ పాలేనికి టపా మనిషే లేడు, ఎవరైనా వచ్చి అడిగేదాకా ఉత్తరం అక్కడే పడి ఉంటుందట. కామమ్మ ఉదయగిరి, వరికుంటపాడు తిరిగి వచ్చేసరికి పున్నమి దాటుతుంది. సరుకు ధాన్యానికి మార్చుకోకుండా వెనక్కి పోతే ఆమె పిల్లలకు తిండి లేదు. ఆమెను ఏమని అడిగేది?

అందుకని నేనే వస్తున్నాను. హాజరుకు లేకపోతే పేరు కొట్టేస్తారని, మళ్ళీ ఎక్కించరని సామ్యేలు అంటున్నాడు. కొట్టేయనీ. మీ అమ్మ పేరు ఉంటే చాలు. పడుచువాడికి మూడు రోజుల నడక. నా కాళ్ళు వాచి ఉన్నాయి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఆరు రోజులకు అందుకుంటానో లేదో. మీ అమ్మ తన ముంతలో గంజి కూడా నాకే పోసింది. వద్దనలేకపోయాను. పొద్దు వాలకముందే బయలుదేరుతున్నాను. నీ దగ్గరికి చేరితే ఇవన్నీ నోటితోనే చెబుతాను. ఈ కాగితం నడుముకు కట్టుకుంటున్నాను.

దోవలో నన్ను చూసిన అయ్యా, అమ్మా, నేను పడి లేవకపోతే నన్ను పూడ్చే శ్రమ పెట్టుకోవద్దు. ఈ కాగితం తీసుకుని తూర్పు దిక్కుగా, నెల్లూరు దాటి పల్లెపాలెం దాకా పోండి. నా కొడుక్కు ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటుంది, మాల్యాద్రి అంటే పలుకుతాడు. చదివే తీరిక లేకపోతే, మీ నాయన ముడి వేసుకోవద్దన్నాడని ఒక్క మాట చెప్పండి, వాడు వింటాడు. నేనేది చెప్పినా వింటాడు. పున్నమి దాటిపోయి ఉంటే మాత్రం ఎవరినీ ఏమీ అడగవద్దు, వచ్చి మా శీనమ్మకు చెప్పనూ వద్దు.

ఇట్లు,
నీ నాయన
ఆదెయ్య నిశాని.