తెరేసమ్మ పీక్ టైములో వాడిన కరెంటు

పటమట, విజయవాడ,
జూన్ 2004.

వేళనుబట్టి చార్జీల ప్రయోగ పథకం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య తెరేసమ్మ పేర నున్న కరెంటు సర్వీసు – పీక్ టైము వాడకంపై సంజాయిషీ నోటీసు – సదరు తెరేసమ్మ హాజరు కాలేకపోవుట – 'ఆదర్శ వినియోగదారు' సర్టిఫికెట్ రద్దు చేయకుండుటకు ప్రార్థన.

పటమట వాస్తవ్యుడు, హైస్కూలు గుమాస్తాగా రిటైరైన లాజరు వ్రాసి సమర్పించుకొను అర్జీ ఏమనగా:

1. మా వీధికి తమరు కొత్త మీటర్లు బిగించి, సాయంత్రం ఆరు నుంచి పది దాకా పీక్ టైమనీ, అప్పుడు వాడిన కరెంటుకు మూడింతల రేటనీ, పది దాటితే సగం రేటనీ ప్రకటించిన సంగతి తమకు విదితమే. వీధి జనం రెండ్రోజులు బుద్ధిగా లైట్లు ఆర్పి, మూడోరోజు సీరియల్ కోసం టీవీ పెట్టుకున్నారు. నేను అలాంటివాణ్ణి కాను. ఆరు కొట్టగానే మెయిన్ దగ్గర ఫ్యూజు పీకి, జేబులో వేసుకుని, వీధి అరుగు మీద గాలికి కూర్చునేవాణ్ణి.

2. తత్ఫలితముగా మా ఇంటి వాడకం యావత్తూ వేళ మార్చుకున్నది. గ్రైండరు, నీళ్ల మోటారు, ఇస్త్రీ పెట్టె, సమస్తం పది దాటాకే. నా భార్య నిద్ర చాలడం లేదని సణిగేది. ఎండలు ముదిరాక నా కోడలు వినీల, "మామయ్యగారూ, అత్తమ్మకి ఆయాసంగా ఉందండీ, ఫ్యాను ఒక్కటి వేసుకుంటాం" అని అడిగిన మాట వాస్తవము. నేను విసనకర్ర కొనిచ్చిన మాట కూడా వాస్తవమే. ఇవాళ ఫ్యానంటారు, రేపు టీవీ అంటారు. ఒకసారి లొంగితే ఇక అంతే సంగతులు.

3. మార్చి నెలలో తమరు సభ పెట్టి, పీక్ టైము వాడకం సున్నాగా ఉన్న ఏకైక కుటుంబమని మాకు సర్టిఫికెట్ దయచేశారు. మీటరు ఆవిడ పేర ఉండబట్టి సర్టిఫికెట్ కూడా ఆవిడ పేరనే వచ్చింది. పాటుపడింది నేను, పేరు ఆవిడకి. పోనీలెమ్మని ఊరుకున్నాను. "అమ్మా, చీకట్లో ఇబ్బందిగా లేదా?" అని తమరు మైకులో అడిగితే, ఆవిడ నా వైపు ఒకసారి చూసి "అలవాటైపోయిందండీ" అన్నది. తమరు అందరిచేతా చప్పట్లు కొట్టించారు.

4. మే నెలలో కొడుకూ కోడలూ ఉయ్యూరులో పెళ్ళికి వెళ్ళిన నాడు నా భార్య ప్రభువునందు నిద్రించినది. పీక్ టైములోనే. పదికి నేను ఫ్యూజు పెట్టి లైటు వేస్తే కుర్చీలో అలాగే ఉంది. ఆవిడ అన్నగారు జాన్‌బాబు ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగి. ఆయన కడసారి ముఖం చూసేదాకా పెట్టె మూయడానికి వీల్లేదని వాళ్ళవాళ్ళు పట్టుబట్టారు. నా కొడుకు యేసుకుమార్ తెల్లారేసరికి కరెంటుతో నడిచే ఐస్ బాక్సు అద్దెకు తెచ్చి, తల్లిని అందులో ఉంచాడు. సాయంత్రం ఆరైంది. అలవాటు చొప్పున నేను మెయిన్ దగ్గరకు లేచాను. పాస్టరుగారు పాడుతున్న పాట ఆపేశారు. వినీల మీటరుకు అడ్డంగా వచ్చి నిలబడి, "ఇవాళ ఫ్యూజు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతాను" అన్నది. అంతమందిలో, అండీ అని కూడా అనలేదు. పీక్ టైము ఆసాంతం బాక్సు నడిచింది.

5. అంతట తమ కార్యాలయం వారు, ఫలానా సాయంత్రం అసాధారణంగా కరెంటు వాడినందుకు తెరేసమ్మ స్వయంగా హాజరై సంజాయిషీ ఇచ్చుకోవాలనీ, లేనిచో సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటామనీ నోటీసు పంపారు. కౌంటరులో కూర్చున్న అబ్బాయికి డెత్ సర్టిఫికెట్ చూపించాను. "మరి ముందురోజే మనిషి పోతే, కరెంటు ఎవరు వాడారండీ?" అన్నాడు. ఆవిడే వాడింది బాబూ అన్నాను. ఇంకేమనమంటారు?

కావున ఆవిడ తరఫున నేను ఇచ్చుకొను సంజాయిషీ ఏమనగా, సదరు తెరేసమ్మ బతికుండగా సాయంత్రంపూట ఫ్యాను గాలి ఎరగదు. వాడిన ఆ ఒక్కపూటా వాడినట్టు ఆవిడకు తెలియదు. ఇకముందు వాడే అవకాశమూ లేదు. ఈ ఒక్క తప్పు క్షమించి, సర్టిఫికెట్ మా గోడ మీదనే ఉండనిచ్చే ఉత్తర్వు దయచేయవలెనని తమ చిత్తమునకు విన్నవించుకొనుచున్నాను.

తమ విధేయుడు,
లాజరు

తా.క.: ఆవిడ పోయిన సాయంత్రం రీడింగు కూడా ఒకసారి తీసి చూడండి సార్. సున్నా ఉంటుంది. "ఏమండీ, పదైందా?" అని లోపల్నుంచి రెండుసార్లు అడిగింది. ఇంకా కాలేదన్నాను. నిజంగానే కాలేదు. మూడోసారి అడగలేదు, సర్దుకుంది కాబోలు అనుకున్నాను. ఇప్పుడు వినీల నా ముందు కంచం పెట్టినప్పుడల్లా ఒకటే అడుగుతోంది, అత్తమ్మ అన్నాళ్ళు చీకట్లో ఎందుకు కూర్చుందో చెప్పమని. గోడ మీది ఆ కాగితం వైపు చెయ్యి చూపించి అన్నం తింటున్నాను. అది కూడా మీరు పట్టుకుపోతే నేనేం చూపించను?