కాజా అంత 'లు'

పెద్దమ్మా,

సమస్త కత్తెర జాతికీ, సండేస్కూలు గోడకీ, పరలోకంలో ఉన్న నీకూ నా క్షమాపణలు. నువ్వు లేని ఈ మొదటి క్రిస్మస్‌కి మన చర్చి సండేస్కూలు గోడకి నువ్వు ఏటా కత్తెరతో కోసే 'శుభాకాంక్షలు' ఈసారి మిషన్ కోసింది. నేరం నీ కూతురు సునీతది. మిషన్ కొన్నది అదే.

ఒట్టు, చూస్తే నువ్వూ కత్తెర పక్కన పెట్టేస్తావు. పూల అక్షరాలు ప్రింటు తీసి, ఆ కాగితాన్ని జిగురు షీటు మీద అంటించి లోపలికి పంపాం. సన్నటి బ్లేడు 'క్ష' ఒంపులన్నీ తడబడకుండా తిరిగొచ్చింది. పాస్టర్‌గారు ప్రార్థనలో ఉన్నట్టు చేతులు కట్టుకుని చూశారు. "ఏంటండీ ఇది, ఊపిరైనా తీసుకోదా?" అన్నారు.

నీకు కొలతలంటే పడవు కదా. 'శు' కంచమంత కోసేదానివి. చివరికొచ్చేసరికి కాగితం చాలక 'లు' కాజా అంత అయ్యేది. నీ సండేస్కూలు పిల్లలు ఏటా ముందు దాన్నే వెతికేవారు. సునీత కంప్యూటర్లో అక్షరాలన్నీ ఒకే సైజు పెట్టి, "ఈసారైనా అమ్మ 'లు' చూసి ఎవరూ నవ్వర్లేరా," అని టీ పెట్టడానికి వెళ్ళింది.

గోడకి అంటించగానే పిల్లలు "టీచర్‌గారి లు! టీచర్‌గారి లు!" అని గంతులేశారు. సునీత గోడ దగ్గరికెళ్ళి దాన్ని వేలితో కొలిచి నావైపు తిరిగింది.

"మిషన్ పొరపాటే," అన్నాను గంభీరంగా.

పెద్దమ్మా, మిషన్ పాపం ఏమీ ఎరగదు. సునీత టీ పెట్టడానికి అటు వెళ్ళగానే కంప్యూటర్లో 'లు'ని మూల పట్టుకుని కాజా అంతకి కుదించింది నేనే.