గోడకు మడి

3 ఫిబ్రవరి 2019, ఆదివారం
భన్‌పురి తెలుగు సంఘం హాల్లో మీటింగ్. వంటగదికీ పిల్లల తెలుగు క్లాసు గదికీ మధ్య బోర్డు గోడ, లోపల బోలు. వంట వేడి ఇవతలికి రాకుండా అందులో ఏం నింపాలన్నది ప్రశ్న. పాతికేళ్లుగా బాయిలర్ పైపులకు రాక్‌వూల్ కట్టేవాణ్ని కనుక నన్నడిగారు. రాక్‌వూల్ అంటే సరిపోయేది. తెలుగు సంఘం కదా అని తెలుగులో చెప్పాను, రాతి ఉన్ని అని. అక్కడ చెడింది.

సెక్రటరీ దుర్గారావు ఆ మాట పట్టుకున్నాడు. అరే దానయ్యా, గొర్రెబొచ్చు పక్కన వండితే అన్నం ఎవడికి దిగుతుంది, పంక్తిలో అందరూ మే మే అంటారు అన్నాడు. నవ్వారు. రాయిని కరిగించి పీచుమిఠాయిలా తీస్తారు, నిప్పంటుకోదు అన్నాను. ఎవరికీ వినపడలేదు. థర్మాకోల్, బస్, ఫైనల్ అన్నాడు.

5 ఫిబ్రవరి
నిప్పంటుకుంటే థర్మాకోల్ మండుతూ కారుతుంది. ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేది మా మనవరాలు లహరి.

8 ఫిబ్రవరి
గోడ బిగించేశారు. మా ఆవిడ వరహాలమ్మ ఊరుకోమంది. ఈ పరాయి హిందీ ఊళ్లో మనకేదైనా అయితే వచ్చేది సంఘంలోని ఆ నలుగురేనట. నిజమే. లహరిని ఇంకో గోడ దగ్గర కూర్చోబెడదాం అంది. ఆ చోట ఇంకెవరి పిల్లో కూర్చుంటుంది కదా అన్నాను.

12 ఫిబ్రవరి, సాయంత్రం ఆరు
క్లాసు రోజుల్లో హాలు తెరిచేది నేనే కనుక తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఇవాళ క్లాసు లేదు, వెళ్లి బోర్డు విప్పాను. థర్మాకోల్ పీకేశాను. తిల్దా రైస్‌మిల్లు పనిలో మిగిలిన రాక్‌వూల్ కూరి మళ్లీ బిగించాను. చేతులంతా దురద.

13 ఫిబ్రవరి
దుర్గారావు ఫోన్. హాలు వెనక పడేసిన థర్మాకోల్ చూశాడట. మీటింగ్‌లో అనుకున్న మాటకు విలువ లేదా, ఆ బొచ్చు తియ్, లేకపోతే సంఘంలోంచి నీ పేరు తీసేస్తాం అన్నాడు.
తియ్యను అన్నాను.

17 ఫిబ్రవరి, ఆదివారం
మళ్లీ మీటింగ్. సంఘం భోజనాలకు మడి కట్టుకుని వండే శేషమ్మగారిని పిలిపించాడు. ఆవిడ కాదంటే గోడ విప్పించొచ్చని. గొర్రెబొచ్చు పక్కన మడివంట ఎలా చేస్తారు పిన్నిగారూ అని ఎగదోశాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ అందీ, వానాకాలంలో చీర ఆరకపోతే మేం మడికి కట్టుకునేది ఏమిటనుకున్నావు, ఉన్ని శాలువే. ఉన్నికి మైల లేదు నాయనా, నీ టెరికాట్ ప్యాంటుకుంది. గోడ మడి కట్టుకుందనుకో. దూరంగా ఉండు, ముట్టుకోకు.

ఈసారి నవ్వు దుర్గారావు మీదికి తిరిగింది. ఇది గొర్రె ఉన్ని కాదమ్మా, రాయి అని చెప్పబోయి మింగేశాను.

గోడ ఉండాలని తేలింది. నేను ఉండకూడదని కూడా తేలింది. మాట మీరినందుకు సభ్యత్వం రద్దు. క్షమాపణ రాసిస్తే ఆలోచిస్తామన్నారు. తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

20 ఫిబ్రవరి
చేతుల దురద తగ్గింది. కోపం తగ్గలేదు. క్షమాపణ రాయను.

3 మార్చి, ఆదివారం
హాలు గుమ్మంలో దుర్గారావు. లోపలికి సభ్యులకే అన్నాడు. లహరి తాతను అన్నాను. పిల్ల పక్కన, ఆ గోడకే ఆనుకుని కూర్చున్నాను. అవతల మూడు పొయ్యిలు మండుతున్నాయి.

వీపుకు చల్లగా ఉంది.